గీతలన్నీ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

రాత్రి తొమ్మిదిన్నర. మెస్ మూసేశారు, పిల్లలంతా గదులకు చేరారు. ఫోన్ పైన వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. వీడియో మాత్రం చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. అదే ఫోన్‌లో, అదే మంచం మీద, తెల్లవారుజామున నాలుగింటికి అదే వీడియో తీయండి, ఆగకుండా ఆడుతుంది. గోడ మీది వైఫై డబ్బా మారలేదు, సిగ్నల్ మారలేదు, కాలేజీ నెలనెలా డబ్బు కట్టే లీజు లైనూ మారలేదు. మారిందల్లా మేలుకుని ఉన్నవాళ్ల సంఖ్య.

ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో వైఫై పనులు చేస్తూ కొన్నేళ్లు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా యాజమాన్యం చెప్పే మాట ఒకటే. "బ్యాండ్‌విడ్త్ డబుల్ చేశాం సార్, అయినా కంప్లైంట్లు ఆగట్లేదు." ఆగవు. ఊరి బయట నాలుగు లైన్ల రోడ్డు వేసినంత మాత్రాన మన సందు వెడల్పు కాదు కదా. ఇరుకు ఉన్నది కాలేజీకి వచ్చే తీగలో కాదు, డబ్బాకూ ఫోన్‌కూ మధ్య ఉన్న ఆ పది మీటర్ల గాలిలో.

డబ్బా అంటే యాక్సెస్ పాయింట్. మా పనిలో వాళ్లు పొట్టిగా ఏపీ అంటారు. "ఈ ఫ్లోర్‌కి రెండు ఏపీలు చాలవు" అంటే వినేవాళ్లు రాష్ట్రం గురించి అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ డబ్బా అనే అంటాను.

ఈ చిక్కు మొదట తలెత్తింది కూడా యూనివర్సిటీలోనే. హవాయి యూనివర్సిటీ క్యాంపస్‌లు వేర్వేరు దీవుల్లో ఉన్నాయి, పెద్ద కంప్యూటర్ మాత్రం ఒక్కచోటే ఉంది. నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో వాటిని రేడియోతో కలిపింది. ఆ నెట్‌వర్క్ పేరు అలోహానెట్. పద్ధతి చాలా సులువు. పంపాల్సింది ఉంటే పంపెయ్. ఇద్దరు ఒకేసారి పంపి ఢీకొంటే రెండూ పాడవుతాయి, ఎవరికి వాళ్లు కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఇందులో ఎంత గాలి పనికొస్తుందో అబ్రామ్‌సనే లెక్క కట్టారు. ఎంత బాగా నడిచినా 18 శాతం సుమారు. ఆ గీత దాటి జనం ఎక్కువైతే పనికొచ్చే భాగం పెరగదు సరికదా, తగ్గుతుంది. ఢీకొట్టుకోవడం, మళ్లీ పంపడం, మళ్లీ ఢీకొట్టుకోవడం, దానికే సమయమంతా చాలదు.

ఇప్పటి వైఫై ఆ కుటుంబంలోదే, కాకపోతే కాస్త మర్యాద నేర్చుకుంది. మాట్లాడే ముందు వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది, వాళ్లు ముగించాక కూడా లాటరీ తీసినట్టు కొద్ది క్షణాలు ఎక్కువో తక్కువో ఆగి అప్పుడు మొదలుపెడుతుంది. తాను పంపుతున్నప్పుడు తనకేమీ వినపడదు గనుక, అవతలి నుంచి "అందింది" అనే చిన్న జవాబు రావాలి. రాకపోతే ఢీకొందని అనుకుని మళ్లీ పంపుతుంది. ఒక చానెల్ మీద, అంటే గాలిలో ఒక రేడియో దారి మీద, ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. డబ్బా కూడా ఆ వరసలో ఒకటే, దానికి ప్రత్యేక టికెట్ లేదు.

కుళాయి దగ్గర ఇరుకు మూతి కూజా

వీధి కుళాయి దగ్గర వరస ఊహించుకోండి. రూలు ఏమిటంటే తలా ఒక బిందె. వినడానికి న్యాయంగానే ఉంది. వెడల్పు మూతి బిందె తెచ్చినవాళ్లు ధార పూర్తిగా తిప్పుకుని అర నిమిషంలో పక్కకు తప్పుకుంటారు. ఒకాయన ఇరుకు మూతి కూజా తెచ్చాడు. ధార సన్నగా పెట్టుకోవాలి, లేకపోతే నీళ్లన్నీ బయటే పోతాయి. ఆయన వంతు వచ్చినప్పుడల్లా పావుగంట. అలాంటి కూజాలు ఇంకో రెండు చేరితే, పెద్ద బిందె పట్టుకున్నవాడు కూడా సాయంత్రం దాకా ఎండలో నిలబడాల్సిందే.

వైఫైలో అచ్చం ఇదే జరుగుతుంది. రూలు సమానంగా పంచేది సమయాన్ని కాదు, వంతుల్ని. వైఫై డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పంపుతుంది. 1,500 బైట్ల ఒక ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. దగ్గరగా కూర్చున్న ఫోన్ సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపితే గాలిలో పావు మిల్లీసెకను కూడా పట్టదు. రెండు గోడల అవతల ఉన్న పాత ఫోన్ 1 మెగాబిట్‌కు దిగిపోతే అదే ప్యాకెట్‌కు 12 మిల్లీసెకన్లు. ఒక్కడి వంతులో యాభై మందికి పైగా వంతులు కరిగిపోయాయి. ఆ యాభై మందికీ గీతలు నిండుగానే ఉన్నాయి, వాళ్ల తప్పేమీ లేదు.

కాబట్టి క్యాంపస్ వైఫై డిజైన్ చేసేవాడు మొదట వదిలించుకోవాల్సింది సిగ్నల్ పిచ్చి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1993లో అలెక్స్ హిల్స్ నాయకత్వంలో వైర్‌లెస్ ఆండ్రూ అనే క్యాంపస్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు వైఫై ప్రమాణమే ఇంకా రాలేదు, అది 1997లో వచ్చింది. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లే తక్కువ. తక్కువ డబ్బాలతో ఎక్కువ జాగా కప్పడం తెలివైన పని. మన దగ్గర 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడే పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పే పద్ధతి తెచ్చారు. వేల మంది అక్కడే తింటూ, అక్కడే పడుకుంటూ, అక్కడే చదువుకునే చోట చదరపు అడుగులు లెక్కపెట్టి లాభం లేదు. మనుషుల్ని లెక్కపెట్టాలి, ఆపైన ఒక్కో మనిషి జేబులో ఎన్ని పరికరాలున్నాయో కూడా.

ఏమీ చెప్పకుండానే గాలి నింపేయడం

ఒక హాస్టల్లో ఫోన్ తీసి చూస్తే కాలేజీ పేరుతోనే అయిదు నెట్‌వర్క్‌లు కనపడ్డాయి. స్టూడెంట్, స్టాఫ్, గెస్ట్, ఎగ్జామ్ సెల్, అయిదోది ప్రిన్సిపాల్ గారికి. ప్రిన్సిపాల్ గారు ఆ హాస్టల్‌కు ఏడాదికి రెండుసార్లు వస్తారేమో. కానీ ఆయన నెట్‌వర్క్ మాత్రం రాత్రింబగళ్లు "నేనున్నాను" అని చాటింపు వేస్తూనే ఉంటుంది. ప్రతి పేరుకూ ప్రతి డబ్బా సెకనుకు దాదాపు పదిసార్లు, కచ్చితంగా చెప్పాలంటే 102.4 మిల్లీసెకన్లకొకసారి, ఒక బీకన్ పంపుతుంది. అదీ అందరికీ వినపడాలి కాబట్టి అతి తక్కువ వేగంలో పంపుతుంది.

లెక్క చూడండి. బీకన్ 250 బైట్లు అనుకుందాం. 1 మెగాబిట్ వేగంలో మొదట పంపే చిన్న సంకేతంతో కలిపి దానికి 2.2 మిల్లీసెకన్లు పడుతుంది. అయిదు పేర్లు, ఒకే చానెల్‌లో ఒకదానికొకటి వినపడే మూడు డబ్బాలు. అంటే పదిహేను బీకన్లు, 33 మిల్లీసెకన్లు. ప్రతి 102 మిల్లీసెకన్లలో మూడో వంతు ఎవరూ ఏమీ పంపకముందే పోయింది. పేర్లు రెండుకు తగ్గించి, కనీస వేగాన్ని 12 మెగాబిట్లకు పెంచితే ఇదే ఖర్చు ఒకటి రెండు శాతానికి దిగుతుంది. కొత్త పరికరం ఒక్కటీ కొనక్కర్లేదు, డబ్బాలన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో రెండు సెట్టింగులు. ఈ మొత్తం రంగంలో ఇంత చవకైన మందు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇంత తక్కువగా వాడే మందూ లేదు, ఎందుకంటే అయిదింటిలో ఏ పేరు తీసేసినా ఎవరికో ఒకరికి కోపం వస్తుంది.

కనీస వేగం పెంచితే ఇంకో లాభం కూడా ఉంది. కూజావాళ్లకు దూరపు డబ్బాతో పని జరగదు, దగ్గరి డబ్బా వెతుక్కుంటారు. మరీ పెంచితే మూలగదిలో వాడికి అసలు అందదు. అందుకే ముందు డబ్బాలు సరైనచోట ఉండాలి.

వరండాలో వద్దు

హాస్టల్ ఏ ఊళ్లోదైనా నమూనా ఒకటే. మధ్యలో పొడుగాటి వరండా, అటూ ఇటూ గదులు. కాంట్రాక్టరుకు వరండాలో కేబుల్ లాగడం సులువు, తాళాలు తీయించుకునే గొడవ లేదు, కాబట్టి వరండా సీలింగ్‌కు పది మీటర్లకొకటి చొప్పున డబ్బాలు బిగించేసి వెళ్లిపోతాడు. ఫొటోలో ఎంత అందంగా ఉంటుందో!

వరండా రేడియోకి సొరంగం లాంటిది. ఈ చివరి డబ్బాకు ఆ చివరి డబ్బా గొంతు స్పష్టంగా వినపడుతుంది. విన్న ప్రతిసారీ మర్యాదగా ఆగుతుంది. అంటే ఎన్ని డబ్బాలు పెట్టినా ఒకే చానెల్‌లో ఉన్నవన్నీ కలిసి ఒక్క డబ్బా పనే చేస్తాయి. ఇటు గదిలో పిల్లాడి మంచం దగ్గరికి రావాలంటే సిగ్నల్ ఇటుక గోడ దాటాలి, టైల్స్ వేసిన బాత్రూం దాటాలి, తలుపు పక్కన నిలబెట్టిన ఇనప బీరువాను తప్పించుకోవాలి. ఇటుక గోడ సగానికి పైగా మింగేస్తుంది. కాంక్రీటు అయితే పదో వంతు మిగిలితే గొప్ప. ఇనప బీరువా అసలు దారే ఇవ్వదు.

డబ్బా గదిలో ఉండాలి. ప్రతి గదిలో అక్కర్లేదు. గోడల్ని బట్టి రెండు మూడు గదులకొకటి, పై అంతస్తులో దానికి సరిగ్గా మీద కాకుండా పక్కకు జరిపి. అప్పుడు అదే గోడ మనకు ప్రహరీగా పనికొస్తుంది. పక్క డబ్బా అరుపు ఇటు రాకుండా ఆపుతుంది. వైఫై వాడే రేడియో బ్యాండ్‌లలో ఒకటైన 5 గిగాహెర్ట్జ్ గోడలు సరిగా దాటదని అందరూ తిడతారు గానీ, కిక్కిరిసిన హాస్టల్లో అది వరమే.

ఇక పవర్. "గీతలు తక్కువున్నాయి" అనగానే డబ్బా పవర్ పూర్తిగా పెంచేయడం మన అలవాటు. డబ్బా 200 మిల్లీవాట్లతో అరుస్తుంది, ఫోన్ గొంతు ఏ 30 మిల్లీవాట్లో. డబ్బా అరిచింది ఫోన్‌కు వినపడుతుంది, ఫోన్ చెప్పింది డబ్బాకు చేరదు. ఫోన్ పైన కనపడే గీతలు డబ్బా గొంతును మాత్రమే కొలుస్తాయి. ఫోన్ గొంతు డబ్బాకు ఎలా వినపడుతోందో అవి చెప్పవు. పైగా ఏ డబ్బాకు అతుక్కోవాలన్నది చాలావరకు ఫోన్ ఇష్టం. మెస్ దగ్గర పట్టుకున్న డబ్బా గట్టిగా అరుస్తుంటే, ఫోన్ మూడో అంతస్తుకు వచ్చినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. పవర్ తగ్గిస్తే వదిలేస్తుంది.

ఎన్ని దారులున్నాయి

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మూడే చానెళ్లు. 1, 6, 11. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పిల్లల హాట్‌స్పాట్లు అన్నీ అక్కడే. మూడు రంగులతో అపార్ట్‌మెంట్ అంతా పక్క గదుల రంగు కలవకుండా వేయమంటే ఎవరి వల్లా కాదు. డబ్బాలో ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో రేడియో ఉంటుంది. అందుకే సగానికి పైగా డబ్బాల్లో 2.4 రేడియోను కట్టేస్తాం. ఈ మాట వినగానే యాజమాన్యం మొహాలు మాడిపోతాయి. డబ్బు పోసి కొన్నదాన్ని కట్టేయడమేంటి?

5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువ. మన దేశంలో 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్స్ అక్కర్లేకుండా వాడుకోనిచ్చింది. 20 మెగాహెర్ట్జ్ చొప్పున కోస్తే ఇరవైకి పైగా దారులొస్తాయి. 80 చొప్పున కోస్తే అయిదారే. ఇంట్లో ఒక్క రూటరే ఉంటుంది కాబట్టి 80 బాగుంటుంది, స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె కనపడుతుంది. హాస్టల్లో అదే సెట్టింగ్ వదిలేస్తే మళ్లీ అందరూ ఒకే సందులో పడతారు. కొన్ని చానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినపడిన వెంటనే డబ్బా ఆ చానెల్ ఖాళీ చేసి వెళ్లాలి. విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న కాలేజీలు ముందు కొన్ని రోజులు విని చూసి, ఆ తర్వాతే వాటిని నమ్ముకోవాలి.

6 గిగాహెర్ట్జ్‌లో అమెరికా 2020లో ఏకంగా 1,200 మెగాహెర్ట్జ్ తెరిచింది. మన దగ్గర దాని కింది 500 మెగాహెర్ట్జ్‌కు 2025 మేలో ముసాయిదా నియమాలు, 2026 జనవరిలో తుది నియమాలు వచ్చాయి. ఆ బ్యాండ్ అందుకునే ఫోన్లు పిల్లల చేతుల్లోకి రావడానికి ఇంకా టైం పడుతుంది, దాన్ని నమ్ముకుని ఈ ఏడాది డిజైన్ వేయలేం.

క్లాసులో 240 మంది

పెద్ద సెమినార్ హాలు, 240 సీట్లు. ఫోన్, ల్యాప్‌టాప్ కలిపి 400 పరికరాలు. సేల్స్ మనిషి కాగితం తీసి చూపిస్తాడు, ఒక్కో రేడియోకు 512 మంది కనెక్ట్ అవ్వొచ్చని. అవ్వొచ్చు. కనెక్ట్ అవ్వడం వేరు, పని జరగడం వేరు. ఆర్టీసీ బస్సులో వంద మంది ఎక్కొచ్చు, ఊపిరాడాలంటే వేరే లెక్క. ఒకేసారి చురుగ్గా వాడేవాళ్లు రేడియోకు నలభై యాభై దాటకూడదని మా పనిలో చేతి లెక్క. సగం మంది ఒకేసారి 2 మెగాబిట్ల వీడియో చూస్తే 240 మెగాబిట్లు. గుంపులో 20 మెగాహెర్ట్జ్ చానెల్ నుంచి నిజంగా పిండుకోగలిగేది 80, 90. రెండు లెక్కలూ కలిపితే మూడు నుంచి అయిదు రేడియోలు, వేర్వేరు చానెళ్ల మీద.

అసలు గండం వీడియో కాదు. రిజల్ట్స్ వచ్చాయని ఎవరో కేకేసిన క్షణం, ఆన్‌లైన్ క్విజ్‌లో సార్ "స్టార్ట్" అన్న క్షణం. 240 మంది ఒకేసారి చిన్న చిన్న ప్యాకెట్లు పంపుతారు. డేటా పిసరంత, వరస మాత్రం మైలు పొడుగు. వైఫై 6 అనే కొత్త తరం వైఫై ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఒకే ధారను ఒకేసారి కొన్ని చెంబుల్లోకి మళ్లించినట్టు, 20 మెగాహెర్ట్జ్ చానెల్‌ను తొమ్మిది మందికి దాకా ముక్కలు చేసి ఇవ్వగలదు. డబ్బా ఒక్కటే కొత్తదైతే చాలదు, ఫోన్లూ ఆ తరానివే కావాలి.

ఇంకో సంగతి. ఖాళీ హాలులో కొలిచిన కొలతలు జనం నిండాక పనికిరావు. మనిషి ఒళ్లంతా నీళ్లే, రేడియోను తాగేస్తుంది. దీన్నే తిప్పి లాభం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో 2014లో తెరిచిన లీవైస్ స్టేడియంలో డబ్బాల్ని కుర్చీల కింద పెట్టారు. కూర్చున్న జనమే గోడలయ్యారు, ఒక డబ్బా గొంతు ఇంకో డబ్బాకు చేరకుండా.

గాలి బాగున్నా పడిపోయేవి

ఒక రాత్రి పదింటికి ఫోన్. రెండో అంతస్తు మొత్తం నెట్ లేదు, గీతలు నిండుగా ఉన్నాయి. నెట్‌లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక అంకెల అడ్రస్ ఇస్తారు. ల్యాప్‌టాప్ కలిపి చూస్తే నాకొచ్చిన అడ్రస్ 192.168.0తో మొదలైంది. మేమిచ్చేవి 10తో మొదలవ్వాలి. గది గదీ తిరిగితే పదకొండున్నరకు దొరికింది. ఫస్టియర్ కుర్రాడు, నాన్న కొనిచ్చిన చిన్న రూటర్. గోడ సాకెట్ నుంచి వచ్చిన తీగను రూటర్ వెనక నీలం రంధ్రంలో పెట్టాల్సింది పోయి పసుపు రంధ్రంలో పెట్టాడు. ఆ రూటర్ అంతస్తు మొత్తానికీ అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. కుర్రాడు వణికిపోయాడు గానీ, వాడి తప్పేం లేదు. అంతస్తు తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఒక రక్షణ ఉంటుంది, మా పోర్టు తప్ప ఇంకే పోర్టు నుంచీ అడ్రసులు పంచనివ్వదు. అది వేసి ఉండాల్సింది మేము.

అడ్రసులతోనే ఇంకో తిప్పలు. క్యాంటీన్‌కు 254 అడ్రసులు కేటాయించి, ఒక్కోటి ఎనిమిది రోజులకు రాసిచ్చారనుకోండి. టీ తాగడానికి వచ్చిన ప్రతి ఫోన్ ఒకటి పట్టుకుని వెళ్లిపోతుంది. మధ్యాహ్నానికి అడ్రసులు ఖాళీ. ఇప్పటి ఫోన్లు గోప్యత కోసం తమ గుర్తింపు సంఖ్యను మార్చి చూపిస్తాయి గనుక, ఒకే ఫోన్ రెండు మూడు తీసుకునే అవకాశమూ ఉంది. అద్దె గడువు గంటకు తగ్గించి, అడ్రసుల గుంపు పెద్దది చేస్తే పోయే జబ్బు ఇది.

కరెంటు సంగతి చెప్పకుండా వదలలేను. జనరేటర్ అందుకోవడానికి పదిహేను సెకన్లు. ఫ్యాన్లకు అది లెక్కలోకి రాదు. వరండా రాక్‌లోని స్విచ్ మాత్రం ఆరిపోయి, మళ్లీ లేచి, డబ్బాలకు కరెంటు ఇచ్చి, అవి కూడా లేచేసరికి అయిదు నిమిషాలు. రోజుకు ఆరుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఆ రాక్‌లో చిన్న యూపీఎస్ లేకపోతే ఎంత ఖరీదైన డబ్బా పెట్టినా ఒకటే. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య రాగి తీగ కాకుండా ఫైబరే వేయాలి. వానాకాలం మొదటి పిడుగుకు స్విచ్ పోర్టులు వరసగా మాడిపోవడం చూసినవాడికి ఈ మాట రెండోసారి చెప్పక్కర్లేదు.

లాగిన్ గురించి ఒక్కమాట. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే వారంలో ఎదురుగా ఉన్న టీ కొట్టుకు చేరుతుంది. ఎవరి ఐడీ వాళ్లకుండాలి. అలా ఉంటే ఎడ్యురోమ్‌లో చేరే దారీ తెరుచుకుంటుంది. 2002లో యూరప్‌లో పుట్టిన ఆలోచన అది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ నడుపుతోంది. ఒక యూనివర్సిటీ ఐడీతో, అందులో చేరిన ఇంకో యూనివర్సిటీకి వెళ్లినా ఫోన్ దానంతటదే కలుస్తుంది.

అయిదు పేర్లున్న ఆ హాస్టల్లో సెలవుల్లో పని పూర్తి చేశాం. డబ్బాల్ని వరండా నుంచి గదుల్లోకి మార్చాం, పేర్లు రెండు చేశాం, పవర్ తగ్గించాం, 2.4 చాలాచోట్ల కట్టేశాం. కాలేజీ తెరిచిన మొదటి వారం కంప్లైంట్ పుస్తకం తీశాను. పదకొండు రాసి ఉన్నాయి. తొమ్మిది ఒకే రకం, "సిగ్నల్ తగ్గింది, ఇంతకుముందు ఫుల్ ఉండేది." అందులో ఒకడి గదికి వెళ్లాను. మంచం మీద పడుకుని, ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ లైవ్ చూస్తున్నాడు. ఎక్కడా ఆగడం లేదు. నన్ను చూసి లేచి కూర్చుని, ఫోన్ పైన వైఫై గుర్తు చూపించాడు. "చూడన్నా, రెండు గీతలే."